జ్వరానికి విటమిన్లు... కిడ్నీకి భారం కాకూడదు!

వానలు పడి నాలుగు రోజులైతే చాలు... ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు మంచం పడతారు. జలుబు, దగ్గు, ఒళ్లు నొప్పులు, జ్వరం. మందుల షాపు నుంచి పారాసిటమాల్‌తో పాటు విటమిన్‌ సి, విటమిన్‌ డి, జింక్‌ కూడా ఇంటికి చేరతాయి. వీటితో ‘ఇమ్యూనిటీ’ పెరుగుతుందన్న నమ్మకం కొవిడ్‌ రోజుల్లో బాగా బలపడింది. ఇందులో నిజమెంత? కిడ్నీ జబ్బు ఇంటింటి మాటగా మారిన ఉద్దానంలో ఈ అలవాటు ఎంతవరకు క్షేమం?

వానాకాలంలో టెక్కలిలో మా ఓపీకి జ్వరంతో వచ్చేవారిలో చాలామంది చేతిలో ఓ ప్లాస్టిక్‌ సంచి ఉంటుంది. అప్పటికే వాడిన మందులన్నీ అందులో ఉంటాయి. జ్వరం బిళ్ల, నొప్పి బిళ్ల, ఏదో ఒక యాంటీబయాటిక్‌. వాటితో పాటు చప్పరించే విటమిన్‌ సి బిళ్లలు, విటమిన్‌ డి క్యాప్సూళ్లు, జింక్‌ కలిసిన మల్టీ విటమిన్‌ మాత్రలు. ‘ఇవి ఎవరు రాశారు?’ అని అడిగితే, ‘ఎవరూ రాయలేదండీ... బలానికే కదా అని మేమే తెచ్చుకున్నాం’ అంటారు. ఆ ‘బలానికే కదా’ అన్నచోటే ఆగి ఆలోచించాలి. విటమిన్‌ లోటును పూడుస్తుంది. లోటు లేనివారికి వైరస్‌ మీద అదనపు బలమేమీ ఇవ్వదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికైతే మోతాదు మించిన విటమిన్‌ హాని కూడా చేస్తుంది.

విటమిన్‌ పని ఎంతవరకు?

వైరస్‌ ఒంట్లోకి చేరగానే తెల్ల రక్తకణాలు దాన్ని గుర్తిస్తాయి, వేగంగా విభజన చెంది సంఖ్య పెంచుకుంటాయి, యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఈ పనులన్నిటికీ విటమిన్లు కావాలి. ముక్కు, గొంతు, పేగుల లోపలి పొర గట్టిగా ఉండటానికి విటమిన్‌ ఎ కావాలి. తెల్ల రక్తకణాలు చురుగ్గా కదలడానికి విటమిన్‌ సి తోడ్పడుతుంది. ఆ కణాలు అతిగా ఉద్రేకపడి సొంత శరీరాన్నే దెబ్బతీయకుండా విటమిన్‌ డి అదుపు చేస్తుంది. కణాలు విభజన చెందాలంటే ఫోలిక్‌ ఆమ్లం, బి12 తప్పనిసరి. భీమవరంలో పుట్టి, అమెరికాలో పరిశోధనలు చేసిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940ల్లో ఆ ఫోలిక్‌ ఆమ్లాన్నే కృత్రిమంగా తయారుచేసింది.

అయితే ‘కావాలి’ అన్నదానికి, ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అన్నదానికి చాలా తేడా ఉంది. వరి మడికి నీరు కావాలి. నీరు చాలకపోతే పైరు ఎండుతుంది. అలాగని గట్టు దాక నింపి రోజుల తరబడి నిలవ ఉంచితే పైరు కుళ్లుతుందే గానీ రెట్టింపు పండదు. విటమిన్ల లెక్కా అంతే.

లోటు ఉన్నచోట విటమిన్‌ ఎంత గొప్పగా పనిచేస్తుందో మన ప్రాంతానికి బాగా తెలుసు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఎక్కువగా కనిపించేది. మర పట్టిన తెల్ల బియ్యంలో తవుడుతో పాటు విటమిన్‌ బి1 కూడా పోవడమే దీనికి కారణం. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ జబ్బు అంతగా ఉండేది కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మొదలైందే బెరిబెరిపై విచారణతో. అది 1918లో కూనూరులో చిన్న కేంద్రంగా పుట్టింది.

నిరూపణ అయినవి రెండు

వైరల్‌ ఇన్ఫెక్షన్‌లో విటమిన్‌ ప్రాణం కాపాడుతుందని చెప్పడానికి గట్టి ఆధారం ఉన్న జబ్బు తట్టు. ఇంగ్లిషులో మీజిల్స్‌ అంటారు. తట్టు సోకిన బిడ్డ ఒంట్లో విటమిన్‌ ఎ నిల్వలు గబగబా పడిపోతాయి. దాంతో కళ్లు దెబ్బతినడం, న్యుమోనియా, విరేచనాలు చుట్టుముడతాయి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో తీవ్రమైన తట్టుతో ఆస్పత్రిలో చేరిన 189 మంది పిల్లలపై చేసిన అధ్యయనం 1990లో వెలువడింది. అందులో 12 మంది పిల్లలు చనిపోగా, వారిలో 10 మంది విటమిన్‌ ఎ అందనివారే. తట్టు వచ్చిన బిడ్డకు వరుసగా రెండు రోజులు విటమిన్‌ ఎ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరు నెలల లోపు పిల్లలకు 50 వేల యూనిట్లు, 6 నుంచి 11 నెలల వారికి లక్ష, ఏడాది దాటితే 2 లక్షల యూనిట్లు. దీన్ని డాక్టర్‌ పర్యవేక్షణలోనే వేయాలి.

మన అంగన్‌వాడీల్లో, ఆరోగ్య ఉపకేంద్రాల్లో పిల్లలకు చెంచాతో పోసే విటమిన్‌ ఎ ద్రావణం సంగతి తెలిసిందే. తొమ్మిది నెలలప్పుడు తట్టు-రుబెల్లా టీకాతో పాటు లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఐదేళ్లు వచ్చే దాకా ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు. దాన్ని తప్పించవద్దు. అలాగే టీకాకు అది ప్రత్యామ్నాయమని కూడా అనుకోవద్దు. 2025లో అమెరికాలోని టెక్సాస్‌ రాష్ట్రంలో తట్టు ప్రబలినప్పుడు కొందరు తల్లిదండ్రులు సొంతంగా పిల్లలకు విటమిన్‌ ఎ పట్టించారు. అది ఎక్కువై కాలేయం దెబ్బతిన్న సూచనలున్న పిల్లలను అక్కడి లబ్బాక్‌ నగర ఆస్పత్రి వైద్యులు చూశారు. సరైన మోతాదులో ప్రాణం కాపాడే విటమిన్‌, మోతాదు మించితే చేసే పని ఇదీ.

రెండోది పిల్లల విరేచనాల్లో జింక్‌. జింక్‌ విటమిన్‌ కాదు, ఖనిజం. రోటా వైరస్‌ వంటి వాటితో విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు జింక్‌ ఇస్తే విరేచనాలు త్వరగా తగ్గుతాయి. ఆరు నెలల లోపు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపై వయసుకు 20 మిల్లీగ్రాములు. విరేచనాలు కట్టగానే చాలామంది ఆపేస్తారు. అలా కాకుండా 14 రోజులూ వేయాలి.

జలుబుకు విటమిన్‌ సి

రెండు నోబెల్‌ బహుమతులు పొందిన శాస్త్రవేత్త లైనస్‌ పాలింగ్‌ 1970లో విటమిన్‌ సి, జలుబులపై ఒక పుస్తకం రాశారు. రోజూ పెద్ద మోతాదులో వేసుకుంటే జలుబు దరిచేరదని అందులో వాదించారు. ప్రపంచమంతా దాన్ని నమ్మింది. ఆ తర్వాత ఎన్నో అధ్యయనాలు జరిగాయి. వాటిలో 11 వేల మందికి పైగా పాల్గొన్న 29 అధ్యయనాలను కలిపి 2013లో కొక్రేన్‌ సంస్థ సమీక్షించింది. తేలిందేమిటంటే... రోజూ విటమిన్‌ సి వేసుకున్నా సాధారణ ప్రజల్లో జలుబులు రావడం తగ్గలేదు. జలుబు ఉండే కాలం మాత్రం పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం తగ్గింది. అంటే వారం రోజుల జలుబు పెద్దవాళ్లలో సుమారు అర రోజు ముందు తగ్గుతుంది. అదీ ఏడాది పొడవునా వేసుకుంటేనే. జలుబు మొదలయ్యాక వేసుకుంటే చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. మనలో చాలామంది చేసేది ఆ చివరిదే!

కొవిడ్‌ సమయంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌ క్లినిక్‌ 214 మంది రోగులపై పరీక్షించింది. కొందరికి 8 వేల మిల్లీగ్రాముల విటమిన్‌ సి, కొందరికి 50 మిల్లీగ్రాముల జింక్‌, కొందరికి రెండూ ఇచ్చారు. మామూలు చికిత్స పొందినవారి కంటే వీరెవరూ ముందుగా కోలుకోలేదు. ఫలితం ఉండదని తేలడంతో ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

విటమిన్‌ డి సంగతి

ఇంత ఎండ ఉన్న రాష్ట్రంలో విటమిన్‌ డి లోటు ఉంటుందా అని ఆశ్చర్యపోతారు. ఉంటుంది. తిరుపతి పరిసరాల్లో పట్టణ, గ్రామీణ ప్రజలపై చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇది ఎక్కువగానే కనిపించింది. ఇంటి పట్టునే ఉండేవారు, పెద్ద వయసువారు, ఎముకల నొప్పులతో బాధపడేవారు పరీక్ష చేయించుకుని లోటుంటే సరిచేసుకోవాలి. కానీ అది ఎముకల కోసం. వైరస్‌ జ్వరాల నుంచి కాపాడుతుందన్న ఆశ నిలబడలేదు. బ్రిటన్‌లో 6,200 మందిపై చేసిన పరిశీలన 2022లో వెలువడింది. విటమిన్‌ డి తక్కువగా ఉన్నవారికి మాత్రలు ఇచ్చినా కొవిడ్‌ గానీ, ఇతర శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు గానీ తగ్గలేదు.

ఉద్దానంలో లెక్క వేరు

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల పేర్లు వినగానే కొబ్బరి, జీడి తోటలతో పాటు కిడ్నీ జబ్బూ గుర్తుకొచ్చే రోజులివి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల సూపర్‌ స్పెషాలిటీ ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇక్కడి కిడ్నీ జబ్బుకు ఒక చెడ్డ గుణం ఉంది. మధుమేహం, బీపీ లేనివారికీ వస్తుంది. మొదట్లో కాళ్ల వాపులు, మూత్రంలో మంట వంటి లక్షణాలేవీ ఉండవు. కిడ్నీలు సగం పైగా దెబ్బతిన్నా మనిషి పొలం పనికి, వేటకు వెళ్తూనే ఉంటాడు. అందువల్ల ‘నాకు కిడ్నీ జబ్బు లేదు’ అని ఇక్కడ పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు. అలాంటివారు మోతాదు తెలియకుండా విటమిన్లు వాడితే ఏమవుతుందో చూద్దాం.

విటమిన్‌ సి: భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు చాలు. చప్పరించే బిళ్ల ఒక్కటే 500 మిల్లీగ్రాములు. అంటే ఆరు రోజుల అవసరం ఒక్క బిళ్లలో! మిగిలినదాంట్లో కొంత ఆక్సలేట్‌గా మారి మూత్రంలో పోవాలి. స్వీడన్‌లో 23 వేల మందికి పైగా మగవారిని 11 ఏళ్లు గమనిస్తే, విటమిన్‌ సి మాత్రలు వాడినవారికి కిడ్నీలో రాళ్లు వచ్చే ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. దెబ్బతిన్న కిడ్నీలైతే ఆ ఆక్సలేట్‌ను సరిగా బయటికి పంపలేవు. అది కిడ్నీలోనే పేరుకుని ఉన్న కాస్త శక్తినీ తీసేస్తుంది.

విటమిన్‌ డి: మన రోజువారీ అవసరం 600 యూనిట్లు. షాపుల్లో దొరికే క్యాప్సూల్‌ 60 వేల యూనిట్లు, అంటే వంద రోజుల అవసరం. లోటు ఉన్నవారికి వారానికి ఒకటి చొప్పున సాధారణంగా 8 వారాలు రాస్తాం. దాన్ని పొరపాటున రోజుకొకటి వేసుకునేవారున్నారు. విటమిన్‌ సి ఎక్కువైతే మూత్రంలో కొంతైనా పోతుంది గానీ, ఇది కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, అయోమయం వస్తాయి. బాగున్న కిడ్నీలు కూడా దెబ్బతింటాయి.

విటమిన్‌ ఎ, జింక్‌: కిడ్నీ రోగుల్లో విటమిన్‌ ఎ బయటికి పోక పేరుకుంటుంది. అందుకే అది ఉన్న మామూలు మల్టీ విటమిన్‌ మాత్రలు వారికి పనికిరావు. జింక్‌ రోజుకు 40 మిల్లీగ్రాములు మించి నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. ఫలితంగా రక్తహీనత, కాళ్లు చేతుల తిమ్మిర్లు వస్తాయి.

డయాలసిస్‌ చేయించుకునేవారికి కొన్ని విటమిన్లు అవసరమే. బి కాంప్లెక్స్‌, ఫోలిక్‌ ఆమ్లం డయాలసిస్‌లో కొంత పోతాయి. వారికి తగిన మోతాదులో తయారైన మాత్రలు వేరే ఉన్నాయి. వాటిని డయాలసిస్‌ డాక్టరే రాయాలి.

కొబ్బరి నీళ్లకూ లెక్కుంది

జ్వరం వచ్చిందంటే ఉద్దానంలో ఇంటి చెట్టు నుంచి బొండాం దిగాల్సిందే. కిడ్నీలు బాగున్నవారికి అది మంచి పానీయమే. కానీ కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. నీళ్లు బాగా ఉన్న బొండంలో 500 మిల్లీగ్రాములు దాటవచ్చు. కిడ్నీ జబ్బు ముదిరినవారిలో పొటాషియం బయటికి పోదు. అది పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది. విటమిన్ల కోసమని ఇచ్చే పండ్ల రసాలు, మునగాకు, టమాటా సూపులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఏది ఎంత తీసుకోవాలో పొటాషియం పరీక్ష చూసి డాక్టర్‌ చెప్పాలి.

పసుపు రంగు సెలైన్‌

‘నీరసంగా ఉంది, ఓ బలం సెలైన్‌ పెట్టండి’ అని అడిగేవారు ఎక్కువ. సెలైన్‌లో ఒక ఇంజెక్షన్‌ కలపగానే సీసా అంతా పసుపు రంగులోకి మారుతుంది. రంగు చూస్తే బలమైన మందు ఎక్కుతోందని తృప్తి. నిజానికి ఆ రంగు బి2 విటమిన్‌ది. బి కాంప్లెక్స్‌ మాత్ర వేసుకున్న రోజు మూత్రం పచ్చగా రావడానికీ అదే కారణం. ఒంటికి అక్కరలేనిది అలా బయటికి పోతోందన్నమాట. నోటితో తాగగలిగిన మనిషికి ఆ సెలైన్‌ అవసరమే లేదు. పైగా కొందరికి బి విటమిన్‌ ఇంజెక్షన్‌ తీవ్రమైన అలర్జీ తెస్తుంది. కిడ్నీ, గుండె జబ్బులున్నవారికి ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. వైరల్‌ జ్వరం తర్వాత వారం పది రోజులు నీరసం ఉండటం సహజం. దానికి తిండి, నీరు, నిద్రే మందు.

ఎవరికి నిజంగా అవసరం?

* గర్భిణులకు ఐరన్‌, ఫోలిక్‌ ఆమ్లం.
* మాంసాహారం, పాలు అసలు ముట్టనివారికి, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్‌ వాడేవారికి బి12 పరీక్ష. లోటుంటే చికిత్స.
* క్షయకు ఐసోనియాజిడ్‌ వాడేవారికి బి6.
* మద్యం అలవాటుతో తిండి మానేసినవారికి బి1.
* ఐదేళ్ల లోపు పిల్లలకు ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చే విటమిన్‌ ఎ.
* పరీక్షలో లోటు తేలినవారికి విటమిన్‌ డి, డాక్టర్‌ చెప్పినన్ని వారాలే.

మిగతావారికి పళ్లెంలోనే అన్నీ ఉన్నాయి. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్‌ సి ఉంటుంది. ఉసిరిలో ఇంకా ఎక్కువ. పలాస వైపు తోటల్లో గింజ తీసుకుని పడేసే జీడిమామిడి పండులో నారింజ కంటే కొన్ని రెట్లు ఎక్కువ విటమిన్‌ సి ఉంది. దాని వగరు వల్ల గొంతు పట్టేస్తుంది కాబట్టి ముక్కలు కోసి కాస్త ఉప్పు అద్దుకుని తినవచ్చు. బీపీ ఉన్నవారు ఉప్పు మానాలి. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడి పండులో విటమిన్‌ ఎగా మారే కెరోటిన్‌ దండిగా ఉంటుంది. సముద్ర తీరంలో చవకగా దొరికే కవళ్లు, కానాగంతల వంటి చేపల్లో విటమిన్‌ డి, బి12 రెండూ ఉంటాయి. గుడ్డు కూడా మంచిదే. జీడిపప్పులో జింక్‌ ఉంది. ఎండ విషయంలో ఒక అపోహ ఉంది. చర్మం విటమిన్‌ డి బాగా తయారుచేసేది తెల్లవారి లేత ఎండలో కాదు, సుమారు 11 నుంచి 2 గంటల మధ్య. ముఖం, చేతులకు 15-20 నిమిషాలు చాలు. నడి వేసవిలో మాత్రం ఈ సాహసం వద్దు. ఒంట్లో నీరు తగ్గడం కిడ్నీకి చేటు.

వైరల్‌ జ్వరం వస్తే...

1. జ్వరానికి, నొప్పులకు పారాసిటమాల్‌ ఒక్కటే వాడాలి. డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌, ఎసెక్లోఫెనాక్‌ వంటి నొప్పి బిళ్లలు, ఇంజెక్షన్లు వద్దు. అవి డెంగీలో రక్తస్రావానికి, కిడ్నీ దెబ్బతినడానికి దారితీస్తాయి.
2. నీళ్లు, గంజి, మజ్జిగ, ఓఆర్‌ఎస్‌ కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. కిడ్నీ రోగులు డాక్టర్‌ చెప్పిన కొలత దాటకూడదు.
3. డెంగీలో ప్లేట్‌లెట్లను పెంచే విటమిన్‌ ఏదీ లేదు. జ్వరం తగ్గే రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.
4. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తం, ఆయాసం, మగత, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి రావాలి. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే పరీక్షలు చేయించాలి.
5. వైరస్‌ నుంచి రక్షణకు నమ్మదగిన ఆయుధం టీకా. పిల్లలకు తట్టు-రుబెల్లా, రోటా వైరస్‌ టీకాలు వేయించాలి. కిడ్నీ రోగులు హెపటైటిస్‌ బి, ఫ్లూ టీకాల గురించి డాక్టర్‌ను అడగాలి.

ఉద్దానంలోనూ, చుట్టుపక్కలా ఉన్న పెద్దవారు ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్‌, మూత్రంలో ఆల్బుమిన్‌ పరీక్షలు చేయించుకుని ఆ కాగితాన్ని దాచుకోండి. జ్వరానికి ఏ డాక్టర్‌ దగ్గరికి వెళ్లినా ముందు దాన్ని చూపించండి. ఇంట్లో ఉన్న విటమిన్‌ మాత్రలు కూడా వెంట తెచ్చి, ‘ఇవి నాకు అవసరమా? ఎన్ని రోజులు వాడాలి? నా కిడ్నీలకు పడతాయా?’ అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిశాకే మాత్ర నోట్లో వేసుకోండి.

— ప్రభుత్వ వైద్యుడు, ఎంబీబీఎస్‌, ఎండీ, టెక్కలి